పత్తి దిగుబడి: గింజదా, సేద్యానిదా?

పత్తి బాగా పండిన యేడు రైతు విత్తనాన్ని మెచ్చుకొంటాడు. పండని యేడు విత్తనాన్నే తిట్టుకొంటాడు. ఈ అలవాటు రైతుకు మాత్రమే పరిమితం కాదు. పత్రికలలోను, సభలలోను, పాఠ్యపుస్తకాలలోను కూడ పత్తిని గూర్చిన చర్చ చాలవరకు విత్తనం చుట్టూనే తిరుగుతుంది. 2002లో భారతదేశంలో బి.టి. పత్తికి అనుమతి లభించిన నాటినుండి ఇది మరీ ఎక్కువైనది. ఆ విత్తనం రైతును నిలబెట్టినదని కొందరు, ముంచినదని మరికొందరు వాదిస్తూ వచ్చినారు. ఉభయపక్షాలవారూ ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తారు: పంట యొక్క మంచిచెడ్డలన్నీ ఆ పొట్లంలోనే ఉన్నవని. ఒకే దుకాణంలో, ఒకే నాడు కొన్న గింజ ఒక చేనులో ఎకరాకు పది క్వింటాళ్లిచ్చి, గట్టుకు ఆవలి చేనులో నాలుగు క్వింటాళ్లే ఎందుకిచ్చినదని అడిగితే ఇరువురి వద్దను సరియైన జవాబు దొరకదు.

ఈ విషయమై వెలువడిన రచనలలో రెండింటిని ఉపాధ్యాయులు తెలుసుకోవడం మంచిది. మొదటిది, అమెరికాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా గ్రామాలలో పత్తి రైతులను పరిశీలించి 2007లో 'కరెంట్ ఆంత్రొపాలజీ' పత్రికలో ప్రకటించిన వ్యాసం. రెండవది, నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిన కేశవ్ క్రాంతితో కలిసి అదే స్టోన్ 2020లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో వ్రాసిన వ్యాసం. రెండూ శ్రమించి వ్రాసినవే. రెండూ విత్తనాన్ని సింహాసనం మీదినుండి కొంత క్రిందికి దించినవే. అయితే దించిన తరువాత చేనులోకి మాత్రం పూర్తిగా అడుగుపెట్టలేదు. అక్కడే ఈ రెండింటికీ లోటున్నది.

మొదటి వ్యాసంలోని వాదం సంగ్రహంగా ఇది. వరంగల్ పల్లెలలో రైతు విత్తనాన్ని ఎంచుకొనే తీరులో అనుభవజ్ఞానం పాలు చాల తక్కువ. ఒక ఊరు ఊరంతా ఒక పేరుగల విత్తనం వెంటబడుతుంది. రెండేళ్లు తిరగకుండానే దానిని విడిచి మరొక పేరు పట్టుకొంటుంది. ప్రక్క ఊరివారు అదే సమయంలో వేరొక విత్తనాన్ని ఆకాశానికెత్తుతూ ఉంటారు. నేలలో తేడా లేదు, వానలో తేడా లేదు. ఉన్న తేడా అల్లా పొరుగువాడు ఏమి వేశాడన్నదే. పేర్లు ఏటేటా మారుతుంటే దేనినీ పరీక్షించి చూచే వ్యవధి రైతుకుండదు. తరతరాలుగా సేద్యంలో అలవడిన నేర్పు ఇందువలన సడలిపోతున్నదని స్టోన్ తేల్చినాడు.

ఈ మాటలో నిజమున్నది. ఒక గింజ గుణం తెలియాలంటే దానిని మంచి యేటా, చెడ్డ యేటా, నాలుగైదు సార్లు వేసి చూడవలె. ఆ అవకాశమే లేనప్పుడు అనుభవం ఎక్కడినుండి వస్తుంది? ఐతే ఆ వ్యాసం చదివినవారికి ఒక సందేహం కలుగక మానదు. రైతు నేర్పును కొలవడానికి విత్తనపు ఎంపికనే కొలబద్దగా తీసికొన్నారు. నేర్పు అంతా దుకాణం ముందేనా ఉండేది? ఎప్పుడు విత్తినాడు, ఎంత ఎడంగా విత్తినాడు, వానకు నిలిచిన నీటిని ఎటు పంపినాడు, ఎరువు ఏ రోజున వేసినాడు, చివరి తీత అయిన తరువాత కట్టెను ఏమి చేసినాడు — ఇవన్నీ నేర్పు కావా? వీటిలో పొరుగువానిని అనుకరించడం ఎంత, ఆలోచన ఎంత అన్నది వేరుగా చూడవలసిన ప్రశ్న.

చూడడానికి ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దుకంటె తగిన చోటు లేదు. ఇది స్టోన్ తిరిగిన ప్రాంతానికి దూరమైనది కాదు. 1953 వరకు ఖమ్మం ప్రాంతం వరంగల్ జిల్లాలోనిదే. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుండి వచ్చి ఖమ్మం జిల్లాలో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయినది. మధిర, వైరా వైపు నల్లరేగడి ఎక్కువ. జూలూరుపాడు, ఏన్కూరు దాటి తూర్పునకు, ఉత్తరానికి పోయినకొద్దీ ఎర్రచెలకలు, ఇసుక కలిసిన దుబ్బలు, వాటి నడుమ వాగుల వెంట మెరక పల్లాలు. గుండాల, కరకగూడెం, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున పోడు భూములు. అక్కడ నేల లోతు తక్కువ; వాలు ఎక్కువ; అక్కడక్కడ మోడులు మిగిలి అరక సాఫీగా సాగదు. వీటిని దున్నేవారిలో కోయలు ఎందరో ఉన్నారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినది. తెలంగాణ ప్రభుత్వం 2023లో పోడు పట్టాలు పంచినది. జొన్న, సామ, కొర్ర, కంది పండిన ఈ భూములలోకి పత్తి వచ్చి చేరినది. ఆ పాత పంటలకు గింజ ఇంటిదే. పత్తికి మాత్రం ప్రతియేటా కొనక తప్పదు.

ఇక్కడి వానను గూర్చి ఒక మాట. పాఠ్యపుస్తకంలో 'వర్షాధారపు పంట' అనగానే విద్యార్థి మనస్సులో ఎండి బీటలువారిన నేల కనబడుతుంది. భద్రాచలం వైపు సంవత్సరానికి సగటున 1000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అందులో అధికభాగం జూలై, ఆగస్టు నెలలలోనే పడుతుంది. అందువలన అక్కడి పత్తికి మొదటి సగంలో నీరు ఎక్కువై బాధ, రెండవ సగంలో నీరు చాలక బాధ. ఒకే పైరు ఒకే యేట ఈ రెండు బాధలనూ అనుభవిస్తుంది. ఈ సంగతి గుర్తుంటేనే తరువాతి లెక్కలు అర్థమవుతాయి.

మొదటి లెక్క మొక్కల సంఖ్యది. సంకరజాతి పత్తి గింజలు వంద తూచితే సుమారు 9 గ్రాములుంటవి. విత్తనపు పొట్లం చాలకాలం 450 గ్రాములది. అనగా అందులో సుమారు 5,000 గింజలు. ఇక చేనులో మూడడుగులకొక సాలు, సాలులో మూడడుగులకొక గింజ పెట్టితే, అనగా 90 సెంటీమీటర్ల చదరంలో ఒక మొక్క చొప్పున, ఎకరాలో పట్టేవి దాదాపు 5,000 మొక్కలే. 'ఎకరాకు ఒక పొట్లం' అన్న మాటకు అర్థం ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టితే తెలుస్తుంది. గింజ ఖరీదైనది, దానిని ఏటా కొనవలె, కావున గింజకొక మొక్కగా, మొక్కకు వీలైనంత చోటుగా సేద్యం సాగినది. చేనులో ఎన్ని మొక్కలుండవలెనో నేల నిర్ణయించలేదు, పొట్లం ఖరీదు నిర్ణయించినది. బ్రెజిల్, ఆస్ట్రేలియా దేశాలలో సంకరాలు కాక సూటిరకాలు వేస్తారు. అక్కడ హెక్టారుకు లక్షకు అటూ ఇటూ మొక్కలుంటవి. అంటే ఎకరాకు నలభై వేలు.

ఐతే ఇంతమాత్రం చేత ఇక్కడి రైతును తెలివితక్కువవాడనడం పొరపాటు. మూడడుగుల చదరానికి మరొక కారణమున్నది. చేనుకు నిలువుగాను, అడ్డంగాను అచ్చు తోలి, గీతలు కలిసినచోట గింజ పెట్టితే, తరువాత గుంటకను రెండు వైపులా నడపవచ్చు. సాళ్ల నడుమనే కాదు, మొక్కకు మొక్కకు నడుమ ఉన్న కలుపు కూడ ఎద్దులతోనే పోతుంది. కూలి ఖర్చు మిగులుతుంది. నేల పైపొర గుల్లబారి తేమ నిలుస్తుంది. ఇది ఏ శాస్త్రవేత్తా నేర్పినది కాదు. స్టోన్ కొలబద్ద దుకాణం వద్ద ఆగిపోవడం వలన ఇట్టి నేర్పు ఆయన లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు ఈ నేర్పుకే పరీక్ష వచ్చినది. కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2023-24 నుండి తెలంగాణతో సహా 8 రాష్ట్రాలలో అధిక సాంద్రత పద్ధతిని రైతుల చేలలో వేయించినారు. సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు. లెక్కప్రకారం ఎకరాకు దాదాపు 30,000 గింజలు. మొలవనివి, చచ్చినవి పోగా 25,000 మొక్కలు నిలిచినవనుకొందాం. మొక్కకు 10 కాయలు, కాయకు 4 గ్రాముల పత్తి వచ్చినా వెయ్యి కిలోలు, అనగా పది క్వింటాళ్లు. సరే. 90కి 60 సెంటీమీటర్ల ఎడంతో ఎకరాకు 7,400 మొక్కలు పెట్టి, ఒక్కొక్క దానికి 30 కాయలు, కాయకు నాలుగున్నర గ్రాములు వస్తే ఎంత? అవీ ఇంచుమించు పది క్వింటాళ్లే!

విద్యార్థి ఇక్కడ ఆగి అడగవలె: రెండూ పదే అయితే ఈ హంగామా ఎందుకు? ఐదారు పొట్లాల గింజ ఎందుకు?

జవాబు కాయల సంఖ్యలో లేదు, కాలంలో ఉన్నది. పత్తి స్వభావరీత్యా బహువార్షికపు పొద. మనుష్యుడు దానిని ఏకవార్షికంగా పెంచుతున్నాడు. జొన్నవలె ఒక్కసారి కంకి వేసి ఆగిపోదు. పెరుగుతూనే పూస్తుంది, పూస్తూనే పెరుగుతుంది. విత్తిన 35–45 రోజులకు గూడ కనబడుతుంది. గూడ పువ్వు కావడానికి మూడు వారాలకు పైన. పువ్వు కాయై పగలడానికి మరి 45–55 రోజులు. కాండం మీద ఒక ఫలకొమ్మకు, దాని పై కొమ్మకు పూతలో సుమారు 3 రోజుల తేడా. ఒకే కొమ్మ మీద మొదటి పువ్వుకు, రెండవ పువ్వుకు సుమారు 6 రోజుల తేడా. కాండానికి దగ్గరగా ఉన్న కాయ ముందు పుట్టినది, బాగా తిన్నది. కొమ్మ చివరకు పోయినకొద్దీ కాయ ఆలస్యంగా పుట్టి బక్కగా ఉంటుంది.

ఇప్పుడు పోడు చేను సంగతి చూడండి. జూన్ 20న విత్తితే ఆగస్టు నడుమకు పూత మొదలవుతుంది. లోతు తక్కువైన వాలు నేలలో వానలు వెనుకబట్టిన తరువాత తేమ ఎన్నో రోజులుండదు. అక్టోబరు మొదటి వారం తరువాత పూచిన పువ్వు పేరుకే పువ్వు. దాని కాయకు నీరుండదు. ఆ విధంగా పనికివచ్చే పూత కాలం యాభై రోజులు. ఇందులో పూచినవన్నీ నిలువవు. పత్తిలో గూడ, పూత, పిందె పెద్దపాలు రాలిపోవడం సహజం, మూడింట ఒకటి నిలిస్తే మంచి పైరే. మొక్కకు పది కాయలు కావాలంటే కాండానికి దగ్గరగా ఉన్న పూతతోనే సరిపోతుంది; యాభై రోజులు చాలును. ముప్పై కాయలు కావాలంటే కొమ్మల చివరి పూత, శాఖీయ కొమ్మల పూత కూడ కావలె. దానికి నవంబరు వరకు తేమ కావలె. లోతైన రేగడికి ఆ ఓపిక ఉన్నది. ఎర్రచెలకకు లేదు. కావున ఒకే ఎడం మధిర రేగడికి సరిపోయి, గుండాల పోడుకు సరిపోకపోవచ్చు. పలుచని నేలలో మొక్క ఎట్లాగూ గుబురుగా పెరగదు; మూడడుగుల చదరంలో సగం చోటు ఎండకు వృథాగా పడి ఉంటుంది, కలుపు దానిని ఆక్రమిస్తుంది.

ఆలస్యంగా విత్తడం వలన నష్టం ఎంతటిదో కూడ ఈ లెక్కే చెబుతుంది. మూడు వారాలు ఆలస్యమైతే యాభై రోజులలో ఇరవై పోయినట్లే. అట్లాగని తొలకరి చినుకుకే పొడిదుక్కిలో గింజ వేస్తే మొలక వచ్చి మాడిపోతుంది. మళ్లీ పొట్లం కొనవలె. నేల 60–75 మిల్లీమీటర్ల వానకు తడిసిన తరువాతనే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడానికి కారణమిదే. ఒక్క వర్షమాపకం పెట్టుకొన్న పాఠశాల ఈ విషయంలో ఊరికి చేయగల మేలు చిన్నది కాదు.

అయితే దగ్గర నాటులో వచ్చే చిక్కును దాని ప్రచారకులు తగినంతగా చెప్పరు. 15 సెంటీమీటర్ల ఎడంలో గుంటక అడ్డంగా నడవదు. సాలులోని కలుపు చేతితో తీయవలె, లేదా మందు కొట్టవలె. జూలై ముసురులో కూలి దొరకదు. దొరికినా తడినేలలో కలుపు తీస్తే మళ్లీ అంటుకొంటుంది. అనుమతి లేని, కలుపుమందును తట్టుకొనే పత్తి గింజలు పల్లెలలో దొంగచాటుగా ఎందుకమ్ముడవుతున్నవో ఇందువలన కొంత అర్థమవుతుంది. ఎడం తగ్గించమన్నవారు కలుపు ఎట్లా తీయవలెనో కూడ చెప్పకపోతే ఆ ఖాళీని దళారి నింపుతాడు. ఇక మొక్క ఎత్తు పెరగకుండ మెపిక్వాట్ క్లోరైడ్ కొట్టమనే సలహా ఒకటున్నది. ఆ మందు మొక్కలో జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకొని కణుపుల నడుమ దూరం తగ్గిస్తుంది. నీరు, నత్రజని దండిగా ఉన్న రేగడిలో ఇది అవసరం. మోకాలి ఎత్తుకు పెరగడమే గగనమైన పోడు పైరుకు ఎదుగుదల తగ్గించే మందెందుకు? చేను చూడకుండ వ్రాసిన చీటీలో మాత్రమే అది కనబడుతుంది.

ఇక రెండవ వ్యాసానికి వద్దాం. క్రాంతి, స్టోన్ దేశమంతటి అంకెలను ఇరవై ఏండ్ల పాటు వరుసగా పెట్టి చూచినారు. దేశంలో పత్తి దిగుబడి ఎగబ్రాకినప్పుడు బి.టి. పత్తి వేసిన నేల ఇంకా తక్కువే. రాష్ట్రాలవారీగా చూస్తే దిగుబడి పెరుగుదల గుజరాత్‌లో నీటి వసతితోను, ఎరువుల వాడకంతోను, కొత్త పురుగుమందులతోను ఎక్కువగా జతపడుతున్నది. దేశమంతా బి.టి. పరచుకొన్న తరువాత దిగుబడి దాదాపు అక్కడే నిలిచిపోయినది; పురుగుమందుల ఖర్చు కొన్నాళ్లు తగ్గి మళ్లీ మునుపటిని మించినది. భారతదేశంలో హెక్టారుకు దూది 450 కిలోలకు అటూ ఇటూగానే ఉండడం, ప్రపంచపు సగటు 800 కిలోలకు దగ్గరగా ఉండడం ఈ వాదానికి బలమే ఇస్తున్నది. విత్తనానికి కట్టబెట్టిన కీర్తిలో సేద్యపు వాటాను వేరుచేసి చూపినందుకు ఈ వ్యాసాన్ని మెచ్చుకోవలె.

ఐతే ఎరువును వారు కిలోలలో కొలిచినారు. దేశవ్యాప్తమైన లెక్కలో వేరే దారి లేదు నిజమే. కాని చేనులో ఎరువు పనిచేసేది కిలోల లెక్కన మాత్రమే కాదు. తెలంగాణలో సంకర పత్తికి ఎకరాకు 60 కిలోల నత్రజని సిఫార్సు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, 45 కిలోల బస్తాలు దాదాపు మూడు. ఈ నత్రజనిని 20, 40, 60, 80 రోజులలో నాలుగుసార్లుగా వేయమన్నారు. ఎందుకు? మొక్క నత్రజనిని ఎక్కువగా తీసుకొనేది పూత, కాయ దశలలో. అంతకు ముందే అంతా వేస్తే ఇసుకనేలలో వాన దానిని వేళ్లకు అందని లోతుకు దింపేస్తుంది. నీరు నిలిచిన రేగడిలో వేరొకటి జరుగుతుంది. నేల రంధ్రాలన్నీ నీటితో నిండితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణవాయువు కరువవుతుంది. ప్రాణవాయువు లేనిచోట బ్రతికే సూక్ష్మజీవులు నైట్రేటును వాయురూపమైన నత్రజనిగా మార్చి గాలిలో కలిపేస్తాయి. వేళ్లు ఊపిరాడక పోషకాలను పీల్చలేవు. ఆకులు పసుపుపచ్చగా మారుతాయి.

రైతు ఏమి చేస్తాడు? పచ్చదనం పోయినదని ఆ తడినేల మీదనే మరి కొంత యూరియా చల్లుతాడు. అందులో చాల భాగం మొక్కకు అందదు. వాన వెలిసి నేల ఆరిన తరువాత మిగిలినదానితో పైరు ఒక్కసారిగా ఏపుగా లేస్తుంది. కొమ్మలు కమ్ముకొని క్రింది పిందెకు వెలుతురు అందదు, లేత ఆకులకు పచ్చదోమ పడుతుంది. ప్రభుత్వపు లెక్కలో ఈ చేను 'ఎరువులు బాగా వాడిన చేను'. నిజానికి ఆ రోజున దానికి కావలసినది ఎరువు కాదు; పారతో తీసిన ఒక కాలువ. నీరు పోయి, ఆకులు తేరుకొన్న తరువాత వేసిన అరబస్తా, నీటిలో చల్లిన బస్తా కన్న ఎక్కువ పనిచేస్తుంది. మరి రైతుకు ఆ స్వేచ్ఛ ఉన్నదా అన్నది ఇంకొక ప్రశ్న. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు బారులు తీరవలసి వచ్చినది. అటువంటప్పుడు దొరికిన రోజే వేసే రోజు. 40వ రోజా, 60వ రోజా అన్న మాట కాగితం మీదనే మిగులుతుంది.

మబ్బు కూడ ఇట్లాంటిదే. ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టితే ఆకులలో పిండిపదార్థం తయారీ తగ్గుతుంది. మొక్క తాను పోషించలేని పిందెలను వదిలించుకొంటుంది. తొడిమ మొదట ఒక బలహీనమైన పొర ఏర్పడి పిందె రాలుతుంది. దీనికి మందు లేదు. ఆ వారంలో రాలిన పూతకు బదులు తరువాతి వారాలలో పూత నిలిచే తేమ నేలలో ఉన్నదా లేదా అన్నదే ముఖ్యం. వాలుకు అడ్డంగా విత్తి, పూతకు ముందు సాళ్ల నడుమ బోదెలు తీస్తే పోడు చేనులో వాన నీరు ఆగి లోనికి ఇంకుతుంది. అదే బోదె, పల్లపు రేగడిలో వాలు వెంట తీస్తే, నీటిని బయటకు పంపుతుంది. ఒకే నాగలితో తీసిన ఒకే గీత, రెండు చోట్ల రెండు విరుద్ధమైన పనులు చేస్తుంది. 'బోదెలు తీయవలెను' అని ఒక్క ముక్కలో వ్రాసే కరపత్రానికి ఈ తేడా తెలియదు.

కరపత్రాల మీద ఫిర్యాదు ఇదే. అవి చెప్పేవి చాలవరకు నిజాలే. విత్తే తేది, ఎడం, ఎరువు, కాయతొలిచే పురుగు, చివరి తీత అన్నీ వరుసగా ఉంటాయి. ఐతే ప్రతి అంశమూ విడివిడిగా, తన దారిన తానే దిగుబడి పెంచుతుందన్నట్లు వ్రాస్తారు. నిజానికి ఒకదాని ఫలితం మరొకదాని మీద ఆధారపడి ఉంటుంది. ఎడం మారిస్తే కలుపు తీసే పద్ధతి మారవలె. విత్తే తేది జారితే ఎరువు వాయిదాలు మారవలె. నేల మారితే అన్నీ మారవలె. గులాబిరంగు పురుగు విషయమూ అంతే. బి.టి. విషానికి ఆ పురుగు తట్టుకొంటున్నట్లు గుజరాత్‌లో మొదట బయటపడినది. 2017-18 నాటికి ఇతర రాష్ట్రాలలోను ఉద్ధృతమైనది. పైరును డిసెంబరు, జనవరి దాటనీయక కట్టె పీకివేస్తే మిగిలిన కాయలలో నిద్రించే పురుగుకు ఆశ్రయం పోతుంది. కాని ముప్పై కాయల మొక్క వేసిన రైతు చివరి తీత కోసం ఆగక ఏమి చేస్తాడు? పది కాయల మొక్క వేసినవానికి ఆగవలసిన పని లేదు. పురుగు నివారణ జూన్‌లో గింజ పెట్టిన ఎడంలోనే సగం తేలిపోయినది.

అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతి చాలదని ఇంగ్లండులోని రోథంస్టెడ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఆర్.ఏ. ఫిషర్ 1926లోనే వాదించినాడు. రెండు మూడు అంశాలను కలిపి, అన్ని జతలను ప్రక్కప్రక్కనే వేసి చూడమన్నాడు. ఎందుకో ఒక ఊహా చేనుతో చూపవచ్చు. ఎడం నాటు, అలవాటు ప్రకారం యూరియా: 5 క్వింటాళ్లు. ఎడం నాటు, వేళకు యూరియా: 6. దగ్గర నాటు, అలవాటు యూరియా: ఐదున్నర. దగ్గర నాటు, వేళకు యూరియా: 8. వేళకు ఎరువు వేయడం వలన లాభం ఎంత అంటే ఏమి చెప్పాలి? ఒక చోట ఒక క్వింటాలు, మరొక చోట రెండున్నర. రెండింటి సగటు చెబితే ఇద్దరు రైతులకూ తప్పు చెప్పినట్లే. స్టోన్ చెప్పిన అనుభవ నష్టం కూడ ఇక్కడ మరింత స్పష్టమవుతుంది. ఒకే యేట గింజ పేరూ, ఎడమూ, ఎరువూ అన్నీ మార్చినవానికి ఏది మేలు చేసినదో ఎన్నటికీ తెలియదు. పోడు రైతుకు పత్తి కొత్త. తాత చెప్పిన మాట లేదు. కాని తన చేనులో నీరు ఎటు పారుతుందో, ఏ మూల ముందు ఆరుతుందో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ తెలివికి పని కల్పించే సలహా కావలె.

అటవీ సరిహద్దు గ్రామాలలోని ఉన్నత పాఠశాలలు ఈ పనిలో కొంత చేయగలవు. పైన చెప్పిన నాలుగు జతలను ఒక రైతు సమ్మతితో ఆయన చేనులోనే, ఒకే గింజతో, పన్నెండు పట్టీలుగా వేయవచ్చు. ప్రతి జతకు మూడు పట్టీలు, ఏది ఎక్కడన్నది చీటీలు వేసి నిర్ణయించాలి. పత్తి పువ్వు విచ్చిన రోజున లేత పసుపు కలిసిన తెలుపుగా ఉండి, మరునాటికి గులాబిరంగుకు తిరుగుతుంది. కావున ఈ రోజు పూచినదేదో ఏడవ తరగతి పిల్లవాడు కూడ పోల్చగలడు. వారానికొక రంగు దారం చొప్పున తెల్లపువ్వు తొడిమకు వదులుగా కట్టి, ఎన్ని కట్టినదీ పుస్తకంలో వ్రాసుకోవాలి. ప్రక్కన వర్షమాపకం చూపిన అంకె, ముసురు రోజులు, యూరియా వేసిన తేది. కాయ పగిలినప్పుడు దారపు రంగును బట్టి లెక్కిస్తే, ఏ వారపు పూత దూదిగా ఇల్లు చేరినదీ, ఏ వారపుది నేల రాలినదీ, ఏ పట్టీలో ఎంతన్నదీ జనవరి నాటికి ఆ పుస్తకంలో ఉంటుంది.